ఒకటో తేదీ సొమ్ము ఎవరిది?

శ్రీకూర్మంలోనైనా, రాష్ట్రంలో మరే పల్లెలోనైనా ఎన్టీఆర్ భరోసా పింఛను నెల మొదటి తేదీన ఇంటి గుమ్మం వద్దకే వస్తుంది. ఆ రోజు ఆదివారమైతే ముందు రోజే సచివాలయ సిబ్బంది అందజేస్తారు. 2024 జులై నుండి వృద్ధులకు, వితంతువులకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 15,000. దివ్యాంగులకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు సదరం ధ్రువపత్రం అవసరం.

సొమ్ము లబ్ధిదారు చేతికే ఇవ్వాలన్నది నియమం. కనుక తల్లి ఒక నెల కొడుకు ఇంట, మరో నెల కూతురి ఇంట గడిపే కుటుంబాలు తేదీని మరువరాదు. రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలూ తప్పితే పింఛనే నిలిచిపోతుంది.

తేదీ కన్నా ముఖ్యమైనది మరొకటుంది. ఆ సొమ్ము ఆమె హక్కు. మన చేతిలో ఉన్నంతసేపు అది అమానత్. మందులకా, మనవరాలి గాజులకా, సదఖాకా అన్నది ఆమే నిర్ణయించుకోవాలి. అమ్మకు పింఛను వస్తోంది కదా అని ఆమె అన్నం, వస్త్రం, వైద్యం విషయంలో చేయి ముడుచుకునే బిడ్డ ఒక్కసారి ఆలోచించాలి: ప్రభుత్వం తన బాధ్యతను నెరవేర్చింది, మరి మన బాధ్యత?