‘రానీ.. రానీ..’ అనేవాడు టెస్టులో ఉండడు



ఈసారి పోస్టు నోటిఫికేషన్ గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించీ కాదు. డ్రైవింగ్ లైసెన్సు గురించి. అందులోనూ ఒక చిన్న ముక్క గురించి: ఆగి ఉన్న రెండు బండ్ల మధ్య ఖాళీలోకి మన బండిని వెనక్కి తెచ్చి పెట్టడం. దాన్నే పారలల్ పార్కింగ్ అంటున్నారు. ఇంత చిన్నదానికి ఇంత పెద్ద పోస్టా అనుకోకండి. ఈ ఒక్కటి రాక, వస్తుందన్న ధైర్యం లేక, మన ఏజెన్సీ కుర్రాళ్లు లైసెన్సు జోలికే పోకుండా ఏళ్ల తరబడి బండ్లు నడపడం మేం చూస్తున్నాం. ఏజెంటు చేతిలో డబ్బులు పెట్టి కార్డు తెచ్చుకునేవాళ్లనీ చూస్తున్నాం. రెండు దారులూ మనకి నష్టమే. ఇది మన ఊరి మైదానంలో నాలుగు వెదురు కర్రలతో నేర్చుకునే విద్య, దాన్ని మన యూత్ సంఘాలే నేర్పాలి అన్నది మా అభిప్రాయం.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. మనోళ్లకి డ్రైవింగ్ రాదని ఎవరూ అనలేరు. పాడేరు ఘాట్‌లో, మారేడుమిల్లి ఘాట్‌లో వానాకాలం పొగమంచు కమ్ముకుంటే పది అడుగుల ముందు ఏముందో తెలీదు. ఆ దారుల్లో సంత జనాన్ని, చింతపండు బస్తాల్ని, పైన కట్టిన సామాన్నీ వేసుకుని జీపు నడుపుతున్న అన్నలు మనవాళ్లే. ఎత్తులో బండి ఆపి, ఒక్క అంగుళం వెనక్కి జారకుండా హాఫ్ క్లచ్ మీద మళ్లీ ఎత్తుకోవడం వాళ్లకి మంచినీళ్లు తాగినంత సులువు. పట్నంలో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లు టెస్టులో ఎక్కువ భయపడేది ఆ ఎత్తు ట్రాక్ దగ్గరే. మరి అదే అన్న, రెండు కర్రల మధ్యకి వెనక్కి పెట్టమంటే ఎందుకు తడబడతాడు?

కారణం తెలివి తక్కువై కాదు. అలవాటు వేరు. మన ఊళ్లలో జీపు వెనక్కి తీయాలంటే ఒక తమ్ముడు దిగి వెనక నిలబడతాడు. బాడీ మీద చేత్తో తడుతూ ‘రానీ.. రానీ.. లెఫ్ట్ కొయ్.. ఆపాపు’ అంటాడు. డ్రైవరు వాడి గొంతు నమ్ముకుని స్టీరింగ్ తిప్పుతాడు. వెనకంతా జనం, పక్కన ఫుట్‌బోర్డు మీద జనం, అద్దంలో చూస్తే ఎవరి చొక్కానో కనిపిస్తుంది. అందుకే చాలా జీపులకి సైడు అద్దం మడిచి ఉంటుంది, లేదా అసలు ఉండదు. అంటే మనవాళ్లకి క్లచ్ వచ్చు, బ్రేక్ వచ్చు, లోయ పక్కన గుండె నిబ్బరం వచ్చు. రానిది ఒక్కటే, అద్దం చూసి ఒంటరిగా వెనక్కి రావడం. టెస్టులో ‘రానీ’ అనేవాడు ఉండడు. మన రెండు కళ్లు, మూడు అద్దాలు, అంతే.

‘మన ఊళ్లో పార్కింగే లేదు కదా, ఎక్కడ పడితే అక్కడ పెడతాం, ఇదంతా పట్నం వాళ్ల వేషం’ అని కొందరు అన్నలు అంటారు. దీనికి మా జవాబు ఘాట్ రోడ్డు మీదే ఉంది. కొండదారిలో రెండు బండ్లు ఎదురెదురై దారి సరిపోకపోతే, దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారి ఇవ్వాలన్నది నియమం. దిగే బండి పక్కకి ఒదగాలి, లేదా వెడల్పున్న చోటు దాకా వెనక్కి పోవాలి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురుగా ఆర్టీసీ బస్సు. అప్పుడు మనం చేసేది ఏమిటి? కొలిచి, అద్దం చూసి, వెనక చక్రాల్ని ఇరుకులోకి పంపడమే. పేరు వేరు కావచ్చు, విద్య అదే. సంత రోజు ఆటోల మధ్య వెనక్కి తీస్తుంటే వెనక ఆడుకునేది మన పిల్లలే. ‘రానీ’ అనేవాడు ఆ క్షణంలో ఫోన్ చూసుకుంటే ఏమవుతుందో మీకే తెలుసు.

ఇప్పుడు అసలు నష్టం సంగతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నడిపితే మూడు నెలల దాకా జైలు, లేదా 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన యజమానికీ అంతే శిక్ష. జరిమానా కట్టేసి వచ్చేయొచ్చు అనుకుందాం. యాక్సిడెంట్ అయితే? డ్రైవరుకి లైసెన్సు లేకపోతే ‘మా బాధ్యత కాదు’ అని వాదించే అవకాశం బీమా కంపెనీకి చట్టమే ఇస్తోంది. ఇలాంటి కేసుల్లో ముందు బాధితులకి చెల్లించి, ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు బీమా కంపెనీలకి చెప్పిన సందర్భాలు ఉన్నాయి. అప్పు చేసి సెకండ్ హ్యాండ్ బండి కొన్న మన ఇంటి మీద ఆ సొమ్ము పడితే ఏమి మిగులుతుంది? బండి ఎక్కేది మనవాళ్లు, నడిపేది మనవాళ్లు, యజమానీ మనవాడే. ఎటు తిరిగినా దెబ్బ ఒకే గూడేనికి.

ఇంకో పక్క తలుపులు తెరుచుకుంటున్నాయి. పూర్వం కిరాయి బండి లైసెన్సుకి ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నియమం ఉండేది. మధ్యలో బడి మానేసిన మనవాళ్లు ఎందరికో అదే అడ్డం. 2019లో కేంద్రం దాన్ని తీసేసింది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇంకో మాట స్పష్టం చేసింది: లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7500 కిలోల లోపు కిరాయి బండిని కూడా నడపొచ్చు, దానికి వేరే అనుమతి రాయించుకోనక్కర్లేదు. అంటే ఒక్క కారు టెస్టు పాసైతే జీపు, సరుకుల బండి మన చేతికి వస్తాయి. లైట్ లైసెన్సు వచ్చి ఏడాది నిండితేనే పెద్ద బండికి ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు, వయసు 20 దాటాలి. కాబట్టి ఆర్టీసీ డ్రైవరు కావాలనుకునే తమ్ముడికి మొదటి మెట్టు ఈ టెస్టే. పదేళ్లు జీపు నడిపినా కార్డు లేకపోతే, నోటిఫికేషన్ పడ్డ రోజున ఆ పదేళ్లూ లెక్కలోకి రావు.

‘గిరిజనులకి టెస్టులో మినహాయింపు అడుగుదాం’ అన్న మాట కూడా మా దగ్గరికి వచ్చింది. మేం ఒప్పుకోం. మనకి రావాల్సిన రాయితీలు వేరే ఉన్నాయి, వాటి కోసం కొట్లాడదాం. లోయ పక్కన తిరిగే బండికి పరీక్ష తగ్గించమని అడగడం మన ప్రాణాలకి విలువ తగ్గించమని అడగడమే. ఏజెంటు దారీ అలాంటిదే. డబ్బు కడితే కార్డు వస్తుందేమో గానీ అద్దం చూడడం రాదు. పైగా ‘వీళ్లకి ఏమీ రాదు, కొనుక్కుంటారు’ అన్న మాట మన మీద ఇంకో పదేళ్లు ఉంటుంది. టెస్టులో తప్పితే తలవంపులేం లేవు. ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లూ తప్పితేనే 60 రోజులు ఆగాలి.

ఇక నేర్చుకునే పద్ధతి. బొలెరో పొడవు నాలుగు మీటర్ల లోపే, అంటే సుమారు 13 అడుగులు. దానికి ఒకటిన్నర రెట్లు, 20 అడుగుల పొడవున, బండి వెడల్పు కంటే రెండడుగులు ఎక్కువగా నాలుగు కర్రలు పాతండి. ముందు రెండు కర్రలు ముందున్న బండి అనుకోండి, వెనక రెండు వెనకున్న బండి.

ఒకటి: గడికి కుడి పక్కన, రెండు మూడు అడుగుల దూరంలో, వెనక బంపరు ముందు కర్రలకి సమానంగా వచ్చేలా బండి ఆపండి.

రెండు: ఎడమకి ఫుల్ కటింగ్ ఇచ్చి, హాఫ్ క్లచ్ మీద మనిషి నడక కంటే నెమ్మదిగా వెనక్కి రండి. బండి దాదాపు 45 డిగ్రీలు వంగి, వెనక కర్రలు కుడి అద్దంలో కనిపించగానే ఆపండి.

మూడు: స్టీరింగ్ తిన్నగా చేసి, మన ముందు ఎడమ మూల ముందు కర్రని దాటేదాకా వెనక్కి రండి.

నాలుగు: కుడికి ఫుల్ కటింగ్. ముందు భాగం దానంతట అదే లోపలికి ఊగి వస్తుంది. తిన్నగా అవగానే ఆపి, చక్రాలు సరిచేయండి.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. ముందుకి పోతుంటే బండి ముక్కు దారి తీస్తుంది, వెనక్కి వస్తుంటే తోక దారి తీస్తుంది, ముక్కు బయటికి ఊగుతుంది. ఇది ఒంటికి పట్టాలి. మొదట గడి పెద్దగా పెట్టి, వచ్చేకొద్దీ కర్రలు దగ్గరికి జరపండి. వెనక నిలబడి అరిచే తమ్ముణ్ని మాత్రం చెట్టు కింద కూర్చోబెట్టండి.

చట్టం మాట మరవొద్దు. ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు నిండాక టెస్టుకి వెళ్లొచ్చు. బండికి ముందూ వెనకా ‘ఎల్’ బోర్డు, పక్క సీట్లో లైసెన్సు ఉన్న మనిషి తప్పనిసరి. ఆ 30 రోజులూ మనకి సాధన కాలమే. వేసవి సెలవులకో సంక్రాంతికో ఇంటికి వచ్చే విద్యార్థులు ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని వస్తే సెలవులు వృథా పోవు. సంత లేని రోజు సంత మైదానం ఖాళీయే. ఊళ్లో లైసెన్సు ఉన్న ఒక్క అన్న, ఒక్క బండి, డీజిల్‌కి తలా కొంత చాలు. ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకి రోడ్డు గుర్తులు చదవాలి కదా, తెలుగు చదవడం కష్టమైన అన్నలకి వాటిని కోయలో, కువిలో, సవరలో, గోండిలో కూర్చుని చెప్పగలిగేది మన విద్యార్థులే. అన్న క్లచ్ నేర్పుతాడు, తమ్ముడు గుర్తులు నేర్పుతాడు.

చెల్లెళ్ల సంగతి వేరేగా చెబుతున్నాం. మైదానంలో కర్రలు పాతినప్పుడు అమ్మాయిలు చూస్తూ నిలబడకూడదు, స్టీరింగ్ పట్టుకోవాలి. రాత్రిపూట నొప్పులొస్తే బండి తీసేవాడి కోసం ఊరంతా వెతికే గూడేల్లో, ఇంట్లో ఆడపిల్లకి డ్రైవింగ్ వస్తే ఎంత తేడానో ఆలోచించండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. డ్రైవింగ్ స్కూల్‌లో కారు శిక్షణ కనీసం 21 రోజులు, అందులో బండి నడిపేది కనీసం పది గంటలు ఉండాలని కేంద్ర నిబంధన చెబుతోంది. పట్నంలో గది అద్దెకి తీసుకుని 21 రోజులు ఉండే స్తోమత మనలో ఎంతమందికి ఉంది? అందుకే పాడేరు, రంపచోడవరం, సీతంపేట, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు లాంటి ఐటీడీఏల ద్వారా శిక్షణ బండి మన మండలాలకే రావాలి, ఎల్‌ఎల్‌ఆర్ మేళాలు సంత ఊళ్లలోనే పెట్టాలి, టెస్టు ట్రాక్ కొండ మీదే కట్టాలి. టెస్టు సులువు చేయమని కాదు, టెస్టుని దగ్గరికి తెమ్మని అడుగుదాం.

ఆ వినతిపత్రం ఇచ్చి ఊరుకోకుండా, ఈలోపు మన పని మనం చేద్దాం. ప్రతి మండలం నుంచి ఇద్దరు బాధ్యత తీసుకోండి: ఒకరు బండి, మైదానం చూసేవాళ్లు, ఒకరు ఎల్‌ఎల్‌ఆర్ దరఖాస్తులు పెట్టించేవాళ్లు. వచ్చే సెలవులకి ముందే పేర్లు రాయండి.

జోహార్.