పత్తి చేలలో కలుపు కష్టాలపై వినతిపత్రం

తేదీ: మే, 2025

గౌరవనీయులైన ఆదిలాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,
పెన్‌గంగ ఒడ్డు గ్రామాల పత్తి రైతులు, కౌలు రైతులు, కలుపు కూలీలు సమర్పించుకుంటున్న వినతి.

విషయం: వానాకాలం పత్తిలో కలుపు నివారణకు అదను తప్పకుండా సాయం అందించడం, అనుమతి లేని గడ్డిమందు పత్తి విత్తనాలను అరికట్టడం గురించి.



మృగశిర కార్తె దగ్గర పడింది. తొలకరి పడగానే మా నల్లరేగడి చేలల్లో పత్తి విత్తుతాం. మొలిచిన నాటి నుంచి అరవై రోజుల దాకా పత్తి మొక్క నెమ్మదిగా ఎదుగుతుంది. సాళ్ల మధ్య మూడడుగుల నేల ఖాళీగా ఉంటుంది. గరిక, తుంగ, ఊద, గునుగు, తుత్తురబెండ, వయ్యారిభామ ఆ ఖాళీని ఆక్రమించి, మేం వేసిన ఎరువునూ నేలలోని తేమనూ ముందే లాగేస్తాయి. ఆ రెండు నెలలు చేను శుభ్రంగా ఉంచుకోలేకపోతే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా దిగుబడి చేతికి రాదు. అందుకే ఈ వినతిని పంట పోయాక కాకుండా విత్తనానికి ముందే తమ ముందుంచుతున్నాం.

మా తాతల నాటి నుంచి కలుపుకు మందు గుంటుకే. అచ్చు కట్టి నిలువునా అడ్డంగా సమానదూరంలో గింజ పెడితే, ఎడ్లతో రెండు వైపులా డౌర (చిన్న గుంటుక) కొట్టవచ్చు. మొక్కల మొదట్లో మిగిలిన గడ్డిని ఆడవాళ్లు ఖుర్పీలతో తీస్తారు. ఈ పద్ధతి నేటికీ మంచిదే. కానీ జూలైలో ముసురు పట్టిందంటే రేగడిలో కాలు పెట్టలేం. ఎడ్ల గిట్టలు దిగబడతాయి, గుంటుక పాసకు మట్టి ముద్దలుగా అంటుకుంటుంది. వాన తెరిపిచ్చి నేల పదునుకు వచ్చేసరికి గడ్డి మోకాలి ఎత్తుకు లేస్తుంది. అప్పుడు ఊరంతటికీ ఒకే రోజున కూలీలు కావాలి. చిన్న రైతుకు వారు దొరికేసరికి వారం దాటుతుంది. పోషణ భారమై చాలామంది ఎడ్లను అమ్ముకున్నారు. ఉన్న కొద్ది జతలకు అదనులో కిరాయి మాకు అందడం లేదు.

అనుమతి ఉన్న మందులు లేవా అని తమరు అడగవచ్చు. ఉన్నాయి. విత్తిన ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటల లోపు పెండిమిథాలిన్ చల్లాలి. గడ్డి రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు, అంటే విత్తిన 20, 25 రోజులకు, వెడల్పాకు కలుపుకు పైరిథయోబాక్ సోడియం ఎకరాకు 250 మిల్లీలీటర్లు, గడ్డిజాతికి క్విజలోఫాప్ ఇథైల్ 400 మిల్లీలీటర్లు కలిపి కొట్టాలి. చిక్కంతా అదనులోనే ఉంది. పొడి దుక్కిలో విత్తిన వారికి పెండిమిథాలిన్ పనిచేయదు, దానికి నేలలో తేమ ఉండాలి. ముసురులో ఆ 25వ రోజు దాటిపోతే గడ్డి ముదిరి రెండో మందుకూ లొంగదు. తుంగ గడ్డలు ఈ మందుల్లో వేటికీ చావవు. పత్తి కూడా వెడల్పాకు మొక్కే కాబట్టి ఏ మందు పడితే ఆ మందు కొట్టలేం. ఈ సంగతులు చేను గట్టున నిలబడి చెప్పేవారు లేక, దుకాణంలో చేతికిచ్చిందే మందు అవుతోంది. మొక్కజొన్నకు వాడే 2,4-డి మందు కొట్టిన పంపును సరిగా కడగకుండా పత్తిలో వాడిన చేలను చూశాం. నాలుగు రోజుల్లో లేత ఆకులు సన్నగా సాగి, ఈనెలు బిగిసి, బెండాకులా చీలిపోయాయి. ఆ చేలు తిరిగి కోలుకుని పూతకు రావడానికి ఎంత ఆలస్యమైందో ఆ రైతు కుటుంబాలకే తెలుసు.

ఈ సందులోకే గ్లైఫోసేట్ అనే గడ్డిమందును తట్టుకునే పత్తి, అంటే గడ్డిమందు పత్తి, చొరబడింది. ‘బీజీ-3’ అని చెప్పి, లేబుల్ లేని సంచుల్లో, బిల్లు లేకుండా, సరిహద్దు దాటించి ఇళ్లకే తెచ్చి ఇస్తున్నారు. మన దేశంలో 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి గానీ, 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2 గానీ కాయతొలుచు పురుగు కోసం వచ్చినవే. గ్లైఫోసేట్‌ను తట్టుకునే పత్తికి ఇప్పటి వరకూ అనుమతి లేదు. దాని కోసం పెట్టుకున్న దరఖాస్తును కంపెనీ 2016లోనే వెనక్కి తీసుకుంది. అయినా ఆ విత్తనం మా ఊళ్లకు వస్తూనే ఉంది. మొలక రాకపోయినా, కాయ కాయకపోయినా బిల్లు లేని రైతు ఎవరినీ అడగలేడు. పట్టుబడితే కేసు అతని మీదే పడుతుంది, తెచ్చి ఇచ్చినవాడు మరో ఊరికి వెళ్లిపోతాడు.

గ్లైఫోసేట్ సంగతీ అంతే. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు దాన్ని వాడరాదని కేంద్రం 2022 అక్టోబరులో ఆదేశించింది. మా పల్లెల్లో అలాంటి ఆపరేటరు ఒక్కరూ లేరు, డబ్బాలు మాత్రం దొరుకుతున్నాయి. గాలి వాటాన ఆ మందు పక్క చేనులోకి కొట్టుకొస్తే అంతరపంటగా వేసిన కంది, మామూలు బీటీ పత్తి మాడిపోతున్నాయి. దీనివల్ల అన్నదమ్ముల మధ్య కూడా తగాదాలు వస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఇక్కడ దాన్ని వట్టి చేతులతో కలుపుతున్నారు.

మా కలుపు కూలీ అక్కచెల్లెళ్ల మాట వేరుగా చెప్పాలి. పొద్దంతా నడుం వంచి, తడి నేలలో కాళ్లు నానుతూ, మందు కొట్టిన మర్నాడే ఆ చేనులోకి దిగుతున్నారు. పారాక్వాట్ లాంటి కలుపు మందుకు విరుగుడు లేదని తెలిసీ అదే చేనులో కూర్చుని సద్ది తింటున్నారు. మేం కలుపు అనే వాటిలో గంగవాయిలి, చెంచలి, తోటకూర వారి ఇళ్లలో కూరలు. గరిక ఎడ్లకు మేత. గునుగు బతుకమ్మకు పువ్వు. చేనంతా మందు పడితే వారికి కూలి పోతుంది, కూర పోతుంది, ఒంట్లోకి విషం చేరుతుంది.

బోల్‌గార్డ్-2 ప్యాకెట్ ధర 2025లో 901 రూపాయలకు పెరిగింది. పొడవు పింజ పత్తికి 2024-25 సీజన్ మద్దతు ధర క్వింటాకు 7,521 రూపాయలు. ఈ రెంటి మధ్య మాకు మిగిలేదో మునిగేదో తేల్చేది కలుపు ఖర్చే. ఆ ఖర్చు తట్టుకునే దారి చూపకుండా దాడులు మాత్రమే చేస్తే అక్రమ విత్తనం ఆగదు. అందుకే తమరిని వేడుకుంటున్నవి ఇవి:

1. గడ్డిమందు విత్తనాలు తెచ్చేవారిపై, నిల్వ చేసేవారిపై తొలకరికి ముందే చర్యలు తీసుకోవాలి. సరిహద్దు దారుల్లో తనిఖీ పెట్టాలి. తెలియక కొన్న రైతును నిందితుడిగా కాకుండా సాక్షిగా చూడాలి.

2. విత్తనం గడ్డిమందును తట్టుకునే రకమో కాదో నిమిషాల్లో తేల్చే స్ట్రిప్ పరీక్షలను రైతు వేదికల్లో ఉచితంగా చేయాలి. లాట్ నంబరుతో బిల్లు ఇవ్వని దుకాణం లైసెన్సు రద్దు చేయాలి.

3. అనుమతి ఉన్న కలుపు మందులను జూన్ మొదటి వారానికే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో రాయితీపై ఉంచాలి. పట్టా పుస్తకం లేని కౌలు రైతుకూ ఇవ్వాలి.

4. పవర్ వీడర్లు, చిన్న ట్రాక్టర్ గుంటుకలు మహిళా సంఘాల ఆధ్వర్యంలో తక్కువ కిరాయికి దొరికేలా చూడాలి. ఎడ్ల జత పోషించే రైతుకు దాణా సాయం అందించాలి.

5. విత్తిన 15వ రోజు నుంచి 30వ రోజు దాకా వ్యవసాయ విస్తరణ అధికారులు, ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలు చేలకు వచ్చి మోతాదు, అదను చెప్పాలి. తెలుగుతో పాటు గోండి, కొలామీ, మరాఠీ, లంబాడీ మాటల్లోనూ దండోరా వేయించాలి.

6. మందు గాలికి కొట్టుకొచ్చి పైరు పోయిన చోట వ్యవసాయ, రెవెన్యూ అధికారులు వారం లోపు కలిసి పరిశీలించి, నష్టం రాసి ఇవ్వాలి.

7. కలుపు కూలీలకు, మందు కొట్టేవారికి చేతి తొడుగులు, మాస్కులు, బూట్లు ఇవ్వాలి. సీజన్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు విషబాధితుల చికిత్సకు సిద్ధంగా ఉండాలి.

8. రోడ్ల పక్కన, ప్రభుత్వ భూముల్లో పెరిగే వయ్యారిభామను పూతకు రాకముందే పంచాయతీలతో పీకించాలి. తామర పురుగులు దాని పుప్పొడితో వైరస్ తెగులును పత్తికి మోసుకొస్తాయి.

వీటిలో తమ స్థాయిలో అయ్యేవి ఏవో, ప్రభుత్వానికి పంపవలసినవి ఏవో తేల్చి, జూన్ మొదటి వారంలోపు రైతులు, కూలీలు, అధికారులతో ఒక సమావేశం ఏర్పాటు చేసి మాకు తెలియజేయాలని కోరుతున్నాం. అనుమతి లేని విత్తనం మా ఊళ్లలో ఎవరూ కొనకుండా చూసే బాధ్యత గ్రామసభల్లో తీర్మానం చేసి మేం తీసుకుంటాం. అదనులో మందు, యంత్రం, సలహా అందించే బాధ్యత తమరు తీసుకోవాలని మనవి.

ఇట్లు,
తమ విధేయులు,
పెన్‌గంగ ఒడ్డు గ్రామాల పత్తి రైతులు, కౌలు రైతులు, కలుపు కూలీలు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)

ప్రతి: జిల్లా వ్యవసాయ అధికారి గారికి