నల్ల కవర్లో ష్వైనెబ్రాటెన్

మ్యూనిక్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా బాబాయి కొడుకు పోయిన నెల ఇన్‌స్టాలో ఓ ఫొటో పెట్టాడు. ప్లేట్లో పెద్ద మాంసం ముక్క, దానిపైన ఎర్రగా పేలిన తోలు, పక్కన బంతిలాంటి ఆలుగడ్డ ఉండ. కింద ‘ష్వైనెబ్రాటెన్’ అని పేరు. వర్ధన్నపేటలో ఉన్న చుట్టాలమంతా లవ్ సింబల్స్ కురిపించాం. మేనత్తయితే ‘సూపర్ బిడ్డా’ అని రాసింది. ష్వైన్ అంటే పంది అని ఎవరో చెప్పాక గమ్మున కామెంట్ తీసేసింది.

నాకు మాత్రం నోరూరింది. మన దగ్గర దొరకదా ఏంటి? ఆదివారం పొద్దున ఎరుకలవాళ్ల ఇళ్ల దగ్గరికి పోతే చాలు. కొనేవాళ్లు తక్కువేం కాదు. కాకపోతే అందరి చేతుల్లోనూ నల్ల కవరే. దానిమీద ఇంకో నల్ల కవర్. అటూ ఇటూ చూసి, బండి డిక్కీలో పెట్టి మాయం. నేనూ అంతే, అబద్ధం ఎందుకు.

బవేరియా వాళ్ల ఈ వంటకి ప్రాణం తోలే. మన దగ్గర పందిని మంట మీద కాల్చి, వెంట్రుకలు గీకి, పసుపు రాసి కడిగి, తోలుతోనే కోస్తారు కదా. అంటే సగం పని అయిపోయినట్టే! “ముక్కలు కొట్టకు అవ్వా, భుజం దగ్గర కిలో ఒక్కటే ముక్కియ్యి” అన్నాను. “ఒక్కటే ముక్క ఏం జేస్కుంటవ్ బిడ్డా?” అని అవ్వ ఎగాదిగా చూసింది.

ఇంట్లో అమ్మ ఒక్కటే మాట: “నా గిన్నెలు ముట్టకు.” పాత కుక్కర్, సింగిల్ స్టవ్ పట్టుకుని పెరట్లోకి పోయాను.

తోలు కిందికి ఉండేలా ముక్కని మరిగే నీళ్లలో పావుగంట ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు పదునైన కత్తితో తోలు మీద గళ్లు గీయాలి. కొవ్వు దాకానే, మాంసం తెగొద్దు. ఉప్పు, మిరియాలు, దంచిన వెల్లుల్లి, షాజీరా పట్టించాలి. వాళ్లు వేసే క్యుమెల్‌కి మన షాజీరా దగ్గరి చుట్టం. కుక్కర్లో అడుగున ఉల్లిగడ్డలు, క్యారెట్, పైన మాంసం, అరసీసా బీరు (అమ్మ చూడలేదు). వాళ్లయితే ఓవెన్లో పెడతారు. నాకు లేదు. మొదటి విజిల్ తర్వాత సన్నమంట మీద నలభై నిమిషాలు ఉంచాను. తర్వాత తోలు తడి తుడిచి ఇనుప పెనం మీద బోర్లించాలి. నేను సరిగా తుడవలేదు. చిటపటమని కొవ్వు ఎగిరి చేతి మీద రెండు బొబ్బలు.

‘పంది తింటే మెదడులో పురుగులు’ అంటారు చూడండి, అది సగమే నిజం. సరిగా ఉడకని మాంసం వల్ల కడుపులో బద్దెపురుగు చేరొచ్చు. మెదడు దాకా పోయేది ఆ పురుగు గుడ్ల వల్ల. అవి మనిషి మలంలో బయటికొచ్చి, కడగని చేతులు, కూరగాయలు, నీళ్ల ద్వారా మళ్లీ నోట్లోకి పోతాయి. జన్మలో పంది ముట్టనివాళ్లకీ రావచ్చన్నమాట. జర్మన్లు ‘మెట్’ అని పచ్చి పంది కైమా బ్రెడ్డు మీద రాసుకుని తింటారు. అక్కడ కోసిన మాంసానికి పశువైద్యుల పరీక్ష ఉంటుంది. మనం మాత్రం లోపల గులాబీ రంగు పోయేదాకా ఉడికించాల్సిందే.

పక్కన పుల్ల క్యాబేజీ, అదే సవర్‌క్రౌట్, ఎనిమిది రోజుల ముందే పెట్టుకున్నాను. కిలో తురుముకి 20 గ్రాముల ఉప్పు వేసి పిసికితే నీళ్లూరతాయి. ఆ నీళ్లలోనే మునిగేలా సీసాలో అదిమి, రోజూ ఓసారి మూత వదులు చేయాలి. వాళ్ల చలికి మూడు నాలుగు వారాలు పడుతుంది, మన ఎండకి వారంలోనే పులిసింది. ఆలుగడ్డ ఉండలు నాకు రాలేదు, విడిపోయాయి. జొన్నరొట్టెతో తిన్నాను. తోలు మాత్రం అప్పడంలా కరకరలాడింది!

ఫొటో స్టేటస్‌లో పెట్టాను. ఈసారి ‘పంది మాంసం, మన ఊరిదే’ అని తెలుగులో రాసి. లవ్ సింబల్స్ మూడే వచ్చాయి.

మళ్లీ ఆదివారం స్టీల్ డబ్బా పట్టుకుని పోయాను. అందులో అవ్వకోసం ముందురోజు చేసిన రెండు ముక్కలు. తోలు నమిలి, “మంచిగ గాలింది” అంది. రెండోది నోట్లో వేసుకుని ఆగింది.

“కారమే ఎయ్యరా? పాపం, ఆ దేశపోల్లు.”

డబ్బా కడిగి, అందులోనే కిలో వేసిచ్చింది.