సముద్ర గర్భంలోకి మనుషులెందుకు? - మత్స్య 6000పై ఒక పరిశీలన

హైదరాబాద్: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల రైతులకు సబ్‌మెర్సిబుల్ అంటే బోరుబావిలోకి దించే మోటారే. అది చెడిపోతే పైపులతో సహా పైకి లాగి బాగు చేయించుకుంటారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందిస్తున్న మత్స్య 6000 కూడా సబ్‌మెర్సిబులే. అయితే అది ముగ్గురు మనుషులతో 6,000 మీటర్ల లోతుకు దిగవలసిన వాహనం. పైనున్న ఓడకూ దానికీ తాడు ఉండదు. బరువులు వదిలి తనంతట తానే పైకి తేలాలి.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 4,077 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌లో ఈ వాహనం ఒక భాగం. అంత లోతున ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 600 కిలోల ఒత్తిడి పడుతుంది. అందువల్లనే మనుషులు కూర్చునే గోళాన్ని 80 మిల్లీమీటర్ల మందం గల టైటానియం మిశ్రమ లోహంతో నిర్మించదలచారు. లోపలి వ్యాసం 2.1 మీటర్లు మాత్రమే. మామూలుగా 12 గంటలు, అత్యవసర పరిస్థితిలో 96 గంటలు లోపల ఉండేందుకు ఏర్పాట్లుంటాయి.

ఇంత వ్యయప్రయాసలతో మనుషులనే పంపాలా అన్న ప్రశ్న సహేతుకమైనదే. 2021లో మధ్య హిందూ మహాసముద్రంలో 5,270 మీటర్ల లోతున నడిచిన వరాహ యంత్రంలో మనుషులు లేరు. 2024 డిసెంబరులో సముద్రపు అడుగున వేడినీటి బుగ్గను చిత్రీకరించినదీ మానవ రహిత వాహనమే. అయినా 1977 నాటి గాలపగోస్ అనుభవాన్ని విస్మరించరాదు. అక్కడ ముందుగా ఓడ నుంచి లాగిన కెమెరా ఆచూకీ చూపింది. తరువాత ఆల్విన్ వాహనంలో సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగిన భూగర్భ శాస్త్రవేత్తలు సూర్యరశ్మి సోకని చోట జీవరాశి గుంపులుగా బతకడాన్ని కళ్లారా చూశారు. ఆ యాత్రలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేకపోవడం గమనార్హం. వెతకనిది ఎదురైనప్పుడు ఏ నమూనా తీయాలో అప్పటికప్పుడు నిర్ణయించగలగడమే మనిషి వెళ్లడంలోని ప్రయోజనం.

కృష్ణా తీరాన ఉన్న ఈ మూడు జిల్లాల్లో సాగు రుతుపవనాలపైనా, జూరాలకు వచ్చే వరదపైనా ఆధారపడి ఉంది. కాగా మత్స్య వల్ల వానల అంచనా మెరుగుపడుతుందని రాయడం సరికాదు. ఆ పనికి తోడ్పడేవి ఆర్గో ఫ్లోట్లు, సముద్రంలో నిలిపిన బాయ్‌లు, ఉపగ్రహాలు. మన దేశపు ఆర్గో సమాచారాన్ని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సమకూరుస్తోంది. రెండింటినీ కలిపి చెబితే రైతుకు లేని ఆశ కల్పించినట్లవుతుంది.

భద్రత విషయంలో తొందరపాటు తగదు. 2023 జూన్‌లో కార్బన్ ఫైబర్‌తో చేసిన టైటాన్ వాహనం పేలినట్లుగా లోపలికి నలిగిపోయి ఐదుగురు మరణించారు. దానికి స్వతంత్ర సంస్థ ధ్రువీకరణ లేదు. మత్స్యను 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో చెన్నై సమీపంలోని కాట్టుపల్లి రేవులో పరీక్షించారు. అప్పుడు వాడినది 500 మీటర్ల లోతుకు ఉద్దేశించిన ఉక్కు గోళం. రేవులో నీరు లోతు లేనందున నీటి అడుగు నుంచి మాటలు వినిపించడం కొంత పరిమితంగానే ఉందని తేలింది. అదే ఏడాది ఆగస్టులో ఇద్దరు భారతీయులు ఫ్రాన్స్‌కు చెందిన నాటైల్‌లో అట్లాంటిక్‌లో దిగారు. ఒకరు 4,025, మరొకరు 5,002 మీటర్ల లోతుకు చేరారు. ఆ అనుభవం నావికులకు శిక్షణగా ఉపకరిస్తుంది. టైటానియం గోళం సామర్థ్యాన్ని మాత్రం విడిగా పరీక్షించి నిరూపించవలసిందే.