కాలుష్య మండలి ఎవరికి జవాబుదారీ?

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురం వాసులు గాఢనిద్రలో ఉన్నారు. లాక్‌డౌన్ కారణంగా వారాల తరబడి పని ఆగిపోయిన ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి ఇళ్లలోకి చొరబడింది. పరుగు తీస్తూ కొందరు దారిలోనే కుప్పకూలిపోయారు. 12 మంది చనిపోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. సైరన్ మోగించడానికి గేటు వద్దతో సహా 36 చోట్ల ఏర్పాట్లున్నా, ఆపద వేళ ఎవరూ దానిని మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది.

యాజమాన్యం తప్పిదం గురించి పత్రికలు ఎంతో రాశాయి. ఇక్కడ మనం అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. తమ ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ వద్ద లేదని ఆ సంస్థే 2019 మేలో ప్రమాణపత్రం రూపంలో అధికారులకు రాసి ఇచ్చింది. అంటే ప్రమాదానికి ఏడాది ముందే నిజం ప్రభుత్వ ఫైలులోకి చేరింది. అయినా కర్మాగారం నడుస్తూనే ఉంది. నడుపుకోవడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రాలూ అందుతూనే వచ్చాయి. చట్టబద్ధమైన అనుమతులు లేకుండా ఈ సంస్థను నడవనిచ్చిన వారెవరో గుర్తించి, రెండు నెలల్లో చర్య తీసుకోవాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జూన్ 1న రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని ఆదేశించవలసి వచ్చింది. 12 మంది పోయాక అడిగిన ఈ ప్రశ్నను ఆ ఏడాది కాలంలో ఎవరైనా అడిగి ఉంటే?

అడగకపోవడానికి మూలం చట్టంలోనే కొంత ఉంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం రాష్ట్ర మండలి అధ్యక్షుణ్ణి, సభ్యులను నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే. ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు మండలి కట్టుబడి ఉండాలని 18వ సెక్షన్ చెబుతోంది. అనుభవం, అర్హత లేని వారిని మండళ్లలో కూర్చోబెడుతున్న వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, నియామకాలకు నియమావళి రూపొందించుకోవాలని 2017 సెప్టెంబరులో ఆ కోర్టు రాష్ట్రాలకు చెప్పింది. నియమించేదీ ప్రభుత్వమే, ఆదేశించేదీ ప్రభుత్వమే అయినప్పుడు, పరిశ్రమలు రప్పించాలని తహతహలాడే ఆ ప్రభుత్వం ఎదుట మండలి గొంతు ఏపాటి పెగులుతుంది?

అలాగని మండలి ప్రతిసారీ తలవంచిందనడం అన్యాయం. హైదరాబాద్ పాఠకులకు బాగా తెలిసిన ఉదాహరణే చూద్దాం. 1908 నాటి మూసీ వరదల అనంతరం నిర్మించిన ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. నగరం దశాబ్దాల పాటు తాగింది ఈ నీళ్లే. వీటి చుట్టూ పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996 మార్చిలో 111వ నంబరు జీవో వచ్చింది. మరుసటి ఏడాదే, అదే ప్రభుత్వం, శంషాబాద్ మండలంలోని పెద్దషాపూర్‌లో ఒక నూనె ఉత్పత్తుల కర్మాగారానికి మినహాయింపు ఇచ్చింది! అయినా మండలి అనుమతి నిరాకరించింది. అప్పీలులోను, హైకోర్టులోను మండలి ఓడిపోయింది. పట్టు వదలక సుప్రీంకోర్టుకు వెళ్లింది. హాని జరగదని నిరూపించవలసిన బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదేనని 1999లో ఆ కోర్టు చెప్పింది. 2000 డిసెంబరులో మినహాయింపు చెల్లదని తీర్పునిచ్చింది. ఆ ఆంక్షలను సడలించడానికి 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవో రావడం తర్వాతి కథ.

ఈ రెండు ఉదంతాలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బోధపడుతుంది. మండలి నిద్రపోతే తట్టి లేపడానికి ప్రజలు కావాలి. మండలి నిటారుగా నిలబడితే వెన్నుదన్నుగా నిలవడానికీ ప్రజలే కావాలి. చూసేవాడు లేని అధికారి ఒత్తిడికి లొంగడం తేలిక. జనం చూస్తున్నారని తెలిస్తే, "నేను సంతకం పెట్టలేను" అని పైవారికి చెప్పడానికి అతనికీ ఒక ఆధారం దొరుకుతుంది.

"కర్మాగారం మూతపడితే మన పిల్లల కూలి ఏం కావాలి?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే విశాఖలో ఏం జరిగింది? ప్రమాదం తర్వాత హైకోర్టు ఆదేశంతో ఆ ఆవరణకు తాళాలు పడ్డాయి. కర్మాగారాన్ని అక్కడి నుంచి తరలించాలని ఉన్నతస్థాయి సంఘం సిఫారసు చేసింది. ప్రాణాలూ పోయాయి, పనీ పోయింది. ముందుగా తప్పు దిద్దించి ఉంటే రెండూ నిలిచేవి.

మరి మన చేతిలో ఏముంది? చాలానే ఉంది. ఏ పరిశ్రమకు ఏ షరతులతో అనుమతి ఇచ్చారో నమోదు చేసే రిజిస్టరును మండలి నిర్వహించాలని, దాని వల్ల బాధితులయ్యేవారు వెళ్లి ఆ వివరాలు చూడవచ్చునని 1974 చట్టంలోని 25వ సెక్షన్ చెబుతోంది. అంటే పక్క నాలాలోకి నీరు వదిలే పరిశ్రమ షరతులేమిటో చూసే హక్కు ఆ బస్తీవారికి ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో తనిఖీ నివేదికల నకళ్లు అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుమూ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన పెద్ద పరిశ్రమ విషయంలో కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి ఎదుట సభ జరగాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. అప్పటికీ న్యాయం దొరకకపోతే 2010 చట్టంతో ఏర్పడిన హరిత ట్రిబ్యునల్ ఉంది.

శుక్రవారం నమాజు ముగిశాక మసీదు వాకిట నిలబడి బోరు నీటి రంగు గురించి, రాత్రిపూట ముక్కుపుటాలదిరే వాసన గురించి మనం మాట్లాడుకుంటూనే ఉంటాం. ఆ మాట అక్కడే ఆగిపోతోంది. మొహల్లాకు నలుగురు చదువుకున్న పిల్లలు కూర్చుని, తేదీలతో సహా ఒక కాగితం రాసి మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంటే అది రికార్డు అవుతుంది. రేపు "మాకు తెలియదు" అని ఎవరూ తప్పించుకోలేరు. ఇరుగుపొరుగు హిందూ సోదరులతో కలిసి రాస్తే ఆ కాగితానికి మరింత బలం. విషవాయువు ఏ ఇంటి గుమ్మం దగ్గరా మతం అడగదు కదా!

గాలి, నీరు మండలి సొత్తు కావు, ప్రభుత్వ సొత్తూ కావు. అవి వారి చేతిలో మనం ఉంచిన అమానత్. అమానత్ అప్పగించినవారు మధ్యమధ్యన లెక్క అడగాలి. ఆ లెక్క ఆపద వచ్చాక కాదు, ముందే అడగాలి.