విలీనంలో ఉద్యోగి మాట కూడా వినండి

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

వానను నమ్మలేక, అప్పు చేసైనా పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించే కరువు సీమ మా అనంతపురం. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఆ పిల్లలు పనిచేసే కంపెనీ చేతులు మారితే ఆ దెబ్బ మా వేరుశనగ రైతు ఇంటిదాకా వస్తుంది.

2009 జనవరిలో హైదరాబాద్ ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడగానే ప్రభుత్వం కొత్త బోర్డును వేసింది. ఏప్రిల్‌లో సత్యం వాటాను టెక్ మహీంద్రా సంస్థ షేరుకు 58 రూపాయల చొప్పున వేలంలో పాడుకుంది. 2013లో విలీనం పూర్తయింది. సంస్థ నిలిచింది, కస్టమర్ల పనులు సాగాయి. ఆ మేలును కాదనలేం. వాటాదారులకు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు దక్కాయి. మధ్యలో వేలాది మంది ఉద్యోగులు మాత్రం పనిలేక, కోత పడిన జీతంతో ఇళ్ల దగ్గర కూర్చున్నారు.

మన చట్టంలో విలీనంపై వాటాదారులు, రుణదాతలు ఓటేస్తారు. ఉద్యోగికి ఓటు లేదు. అందుకే మా విన్నపాలు రెండు: ఎన్ని ఉద్యోగాలు, ఎంత జీతం, ఎంతకాలం కాపాడతారో అనుమతికి ముందే కంపెనీతో రాయించండి. ఆ మాట నిలబెట్టుకుందో లేదో మూడేళ్లపాటు ఏటా ప్రజలకు చెప్పించండి.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక పౌరుడు