ఏరు దాటకముందే తెప్పకు నిప్పు

2017 తొలి నెలల్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ నగరంలో శవాలకు చోటు చాలలేదు. మాంట్‌గొమరీ కౌంటీ మార్చురీ నిండిపోవడంతో అంత్యక్రియలు జరిపే ప్రైవేటు సంస్థలను బతిమాలి కొన్ని మృతదేహాలను అక్కడ ఉంచాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆ ఒక్క కౌంటీలోనే మత్తుమందుల ఓవర్‌డోస్‌తో చనిపోయినవారు 566 మంది. కౌంటీ జనాభా 5 లక్షల 30 వేల చిల్లర. అంటే వెయ్యిమందిలో ఒకరికి పైగా పోయారు. మరుసటి ఏడాదికి ఆ లెక్క 300 లోపుకు దిగింది. ఎందుకు దిగిందో నగరానికి తెలుసు, రాష్ట్రానికి తెలుసు, వాషింగ్టన్‌కూ తెలుసు. తెలిసీ, ఆ ప్రాణాలు నిలబెట్టిన ఏర్పాటునే కూలదోసే చట్టాలపై సంతకాలు చేశారు. దీన్ని విధానపరమైన భేదాభిప్రాయమని సరిపుచ్చలేం. తెలిసి చేస్తున్న ద్రోహం ఇది.

డేటన్ రైట్ సోదరుల ఊరు. విమానం తయారైన ఊరు కూడా పని లేక కునారిల్లగలదని ఈ శతాబ్దం చూపించింది. 2008లో క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు పక్కనే మొరైన్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు మూతపడింది. నూటపాతికేళ్లు ఆ ఊరినే అంటిపెట్టుకున్న ఎన్‌సీఆర్ కంపెనీ 2009లో ప్రధాన కార్యాలయాన్ని జార్జియాకు తరలిస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికే ఆక్సికాంటిన్ అనే నొప్పి బిళ్ల మార్కెట్లోకి వచ్చి పుష్కరం దాటింది. అసెంబ్లీ లైన్లలో నడుములు అరిగినవాళ్లకు నొప్పి బిళ్లలు విచ్చలవిడిగా రాశారు. అలవాటు పడే ముప్పు తక్కువని నమ్మబలికి ఆక్సికాంటిన్ అమ్మామని దాని తయారీదారు పర్డ్యూ కంపెనీ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది కూడా. డబ్బుకు చీటీలు రాసే క్లినిక్కులను 2011లో ఒహాయో చట్టం చేసి మూయించింది. మంచిదే. కానీ బిళ్లలకు అలవాటుపడ్డ వేలమంది మర్నాడు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న ఆ చట్టం వేసుకోలేదు. వాళ్లు హెరాయిన్ దగ్గరికి పోయారు. 70, 75 నంబరు జాతీయ రహదారులు డేటన్ పొలిమేరలోనే కలుస్తాయి కాబట్టి సరుకుకు కొరత లేదు. హెరాయిన్‌లో అంతకన్నా ఎన్నో రెట్లు ఘాటైన ఫెంటనిల్ కలిసింది. 2016 వేసవికి కార్‌ఫెంటనిల్ దిగింది. ఏనుగులను స్పృహ తప్పించడానికి వాడే మందు అది.

మరి 2018లో ఏం మారింది? కార్‌ఫెంటనిల్ వీధుల్లో తగ్గిపోవడం ఒక కారణం, దాన్ని దాచనక్కర్లేదు. మిగతాదంతా మనుషులు పూనుకుని చేసిన పని. నగర పోలీసుల దగ్గర, అగ్నిమాపక సిబ్బంది దగ్గర నాలాక్సోన్ ఉంది. ముక్కులో కొట్టే స్ప్రే అది; ఊపిరి ఆగి నీలం తిరిగిన మనిషి నిమిషాల్లో దగ్గుతూ, వాంతి చేసుకుంటూ, ఒక్కోసారి లేపినవాళ్లనే తిడుతూ లేచి కూర్చుంటాడు. ఓవర్‌డోస్ నుంచి బయటపడ్డవారి ఇంటికి పోలీసు, సోషల్ వర్కర్ కలిసి వెళ్లి తలుపు తట్టారు. అరెస్టు చేయడానికి కాదు, చికిత్సకు రమ్మని పిలవడానికి. సూదుల మార్పిడి కేంద్రాలకు అడ్డు చెప్పలేదు. వీటన్నిటికీ మూలం మెడికెయిడ్, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. రిపబ్లికన్ గవర్నర్ జాన్ కేసిక్ 2013లో సొంత పార్టీ శాసనసభ్యులు ఒప్పుకోకపోయినా, ఏడుగురు సభ్యుల కంట్రోలింగ్ బోర్డు ద్వారా మెడికెయిడ్ విస్తరణను నెగ్గించారు. దాంతో 2014 నుంచి పిల్లలు లేని, పని లేని, పేద పెద్దవాళ్లకూ బీమా దొరికింది. వ్యసనంలో పడినవారిలో ఎక్కువమంది ఆ కోవలోనివారే. బీమా ఉంది గనుక చికిత్సకు డబ్బు వచ్చింది. డబ్బు వచ్చింది గనుక క్లినిక్కులు వచ్చాయి. అప్పటి మేయర్ నాన్ వేలీ మరణాలు తగ్గడానికి మరే కారణం కన్నా ఈ విస్తరణనే ముందు చెప్పారు. ఆమె డెమొక్రాట్, ఆ మాటలో రిపబ్లికన్ గవర్నర్‌కు దక్కాల్సిన వాటా దక్కింది. పార్టీలు ఏవైతేనేం, ప్రాణాలు నిలిచాయి.

చికిత్స అన్న మాట కింద ఏమేం అమ్ముతున్నారో కూడా చెప్పాలి. నల్లమందు జాతి (ఓపియాయిడ్) మత్తుకు పనిచేస్తాయని రుజువైన మందులు ప్రధానంగా రెండు, బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్. ఈ మందులు తీసుకునేవారిలో మరణాల ముప్పు సుమారు సగానికి తగ్గుతుందని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టే రోజు చూస్తే ‘ఒక మత్తు బదులు ఇంకో మత్తు’ అన్న ఎత్తిపొడుపు ఎంత అజ్ఞానమో తెలుస్తుంది. రోగి పన్నెండు గంటలో, ఇంకా ఎక్కువో, ఏదీ ముట్టకుండా ఆగి రావాలి. ముక్కు కారుతుంది, ఆవలింతలు ఆగవు, చేతుల మీద రోమాలు లేచి నిలబడతాయి, కడుపులో మెలిపెడుతుంది. ఆ స్థితి వచ్చిందని నర్సు లెక్కకట్టాకే నాలుక కింద పల్చటి రేకు పెడతారు. తొందరపడి ముందే పెడితే బాధ రెట్టింపవుతుంది. సరిగ్గా పెడితే గంటలో వణుకు తగ్గి మనిషి మామూలుగా మాట్లాడతాడు. నిషా ఉండదు. అతను సాయంత్రం పనికి పోగలడు, అంతే. మెథడోన్ రోగుల సంగతి మరీ కష్టం. తెల్లవారకముందే బస్సు పట్టుకుని క్లినిక్కు ముందు వరసలో నిలబడాలి, కిటికీ దగ్గర నర్సు చూస్తుండగా తాగాలి, మింగినట్టు రుజువుగా నోరు తెరిచి మాట్లాడాలి. ఇంటికి పట్టుకెళ్లే మోతాదులు పెంచుకోవచ్చని సమాఖ్య ప్రభుత్వం 2024లో నిబంధన సడలించింది. దాన్ని వాడుకోకుండా రోగులను ఇంకా రోజూ వరసలో నిలబెట్టే క్లినిక్కులు చేస్తున్నది వైద్యం కాదు, కాపలా.

ఇక 28 రోజులు ఉంచుకునే వ్యసన విముక్తి కేంద్రాలు. మందులు పెట్టం, మనోబలంతో మానిపిస్తాం అనే ప్రతి కేంద్రమూ తన రోగిని ఎక్కువ ముప్పులోకి నెడుతోందని కుండబద్దలు కొట్టి చెప్పాలి. నెల రోజులు ముట్టకపోతే శరీరం తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చిన వారంలో పాత మోతాదే వాడితే ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచి విడుదలైనవారిలోనూ తొలి రెండు వారాలే అత్యంత ప్రమాదకరమైనవి. ఇంత తెలిసీ, డాక్టరు రాసిన మందు మానితేనే మా కార్యక్రమంలో చేర్చుకుంటాం అన్న జడ్జీలు, జైలు బదులు చికిత్సకు పంపాల్సిన డ్రగ్ కోర్టుల్లోనే ఉన్నారు. అది వికలాంగుల హక్కుల చట్టం కింద వివక్షేనని అమెరికా న్యాయశాఖ 2022లో స్పష్టం చేయాల్సి వచ్చింది. ఒక జడ్జి రోగి నోట్లోంచి మందు లాక్కునే అధికారం తనకుందని అనుకోవడమే విడ్డూరం.

డబ్బు ఉన్నచోట దొంగలూ ఉంటారు. ఒహాయోలోనే ఆస్టిన్‌టౌన్‌లో చికిత్స కేంద్రం నడిపిన ఒక యజమానికి మెడికెయిడ్‌ను కోట్ల డాలర్ల మేర మోసగించిన కేసులో 2020లో ఏడున్నరేళ్ల జైలు పడింది. ఆ శిక్ష న్యాయమైనదే. అయితే ఆ కేసును చూపించి చికిత్స ఖర్చంతా దుబారా అనేవారిది దొడ్డిదారి వాదన. దొంగ బిల్లులు పెట్టినవాణ్ని జైల్లో పెట్టండి, బీమా కార్డు పట్టుకుని నిలబడ్డ రోగిని కాదు.

డేటన్‌కు దక్షిణాన మిడిల్‌టౌన్ అనే చిన్న నగరం ఉంది. 2017 జూన్‌లో అక్కడి కౌన్సిల్ సభ్యుడొకరు, రెండుసార్లు ఓవర్‌డోస్ అయినవారికి మూడోసారి అంబులెన్స్ పంపకుండా ఉండగలమా అని అడిగారు. ఆ నగరం ఉన్న కౌంటీ షెరిఫ్ రిచర్డ్ జోన్స్ తన డిప్యూటీలు నాలాక్సోన్ దగ్గర పెట్టుకోరని బాహాటంగా ప్రకటించారు. అక్కడికి అరగంట ప్రయాణం దూరంలో డేటన్ పోలీసు చీఫ్ రిచర్డ్ బీల్ తన సిబ్బంది చేతికి అదే స్ప్రే ఇచ్చారు. ఒకే రాష్ట్రం, ఒకే విషం, ఒకే ఏడాది. పన్ను చెల్లింపుదారుల డబ్బు ఆదా చేయడానికి ఎవరు బతకాలో తేల్చే హక్కును ఏ ఓటరూ ఏ కౌన్సిల్ సభ్యుడికీ ఇవ్వలేదు. ఆ ప్రతిపాదన అమలు కాకపోయి ఉండవచ్చు. దాని వెనక ఉన్న బుద్ధి మాత్రం చావలేదు. ఇప్పుడది మర్యాదైన భాష నేర్చుకుని బడ్జెట్ బిల్లుల్లోకి చేరింది.

2025 జులై 4న సంతకమైన సమాఖ్య చట్టం ప్రకారం, విస్తరణ కింద మెడికెయిడ్ పొందే పెద్దవాళ్లు నెలకు 80 గంటలు పనో, చదువో, సేవో చేసినట్టు చూపించాలి. 2027 జనవరి 1 నాటికి ఇది విస్తరణ ఉన్న రాష్ట్రాలన్నిటా అమలు కావాలి. ఆర్నెల్లకోసారి అర్హత మళ్లీ నిరూపించుకోవాలి. వ్యసన రోగులకు మినహాయింపు ఉందిగా అని సమర్థకులు అంటున్నారు. ఉంది, కాగితం మీద. కారులో పడుకునే మనిషి, ఫోన్ నంబరు నెలకోసారి మారే మనిషి, తాను వ్యసనపరుణ్నని ఒప్పుకోవడానికే ఇంకా సిద్ధపడని మనిషి ఆ మినహాయింపును ఏ కౌంటర్లో అడుగుతాడు? రోగమని తేల్చే డాక్టరు దగ్గరికి పోవడానికి బీమా కావాలి. బీమా దక్కడానికి రోగమని తేలాలి. ఆర్కాన్సాస్ 2018లో ఇలాంటి షరతే పెట్టి, కొద్ది నెలల్లో 18 వేల మందికి పైగా బీమా ఊడబెరికింది. ఆ అనుభవం కళ్లముందుంది. అయినా చట్టం చేశారు.

ఒహాయో శాసనసభ అంతకన్నా ఒక అడుగు ముందుంది. సమాఖ్య ప్రభుత్వం ప్రస్తుతం ఇస్తున్న 90 శాతం వాటా ఏ కాస్త తగ్గినా విస్తరణ మొత్తం రద్దయ్యేలా 2025 రాష్ట్ర బడ్జెట్‌లో షరతు పెట్టుకుంది. 7 లక్షల పైచిలుకు జనం ఆ ఒక్క వాక్యానికి వేలాడుతున్నారు. గవర్నర్ మైక్ డివైన్ ఆ బడ్జెట్‌పై సంతకం చేశారు. 2017లో అటార్నీ జనరల్‌గా ఓపియాయిడ్ కంపెనీల మీద దావా వేసింది ఈయనే. కంపెనీలు చేసిన పాపానికి లెక్క అడిగినాయన, ఆ పాపం బారినపడ్డవారి వైద్యాన్ని ఒక మీట మీద పెట్టి వదిలేశారు. 2024లో దేశవ్యాప్తంగా ఓవర్‌డోస్ మరణాలు పాతిక శాతానికి పైగా తగ్గాయి. తగ్గి కూడా ఆ ఏడాది 80 వేల దాకా ఉన్నాయి. ఒడ్డు చేరామని ఎవరు చెప్పారు వీళ్లకు?

ఓపియాయిడ్ దావాల సెటిల్‌మెంట్ డబ్బుంది కదా అనే వాదనా వినిపిస్తోంది. మందుల పంపిణీ కంపెనీలు మూడు కలిసి ఒహాయోకు సుమారు 80 కోట్ల డాలర్లు ఇవ్వడానికి 2021లో ఒప్పుకున్నాయి. కానీ అది పద్దెనిమిదేళ్లలో విడతలుగా వచ్చే సొమ్ము. అందులో 55 శాతం వన్‌ఒహాయో అనే ఫౌండేషన్ చేతిలోకి పోతుంది. ప్రజల శవాల మీద వచ్చిన ఆ డబ్బు దస్తావేజులు ప్రజలకు చూపించాలని 2023లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెబితే గాని తేలలేదు. మెడికెయిడ్ పోతే ఆ లోటు పూడ్చే సత్తా ఈ నిధికి లేదు. ఉందని చెప్పేవారు కూడికలు తీసివేతలు చేయడం లేదు.

ఈ విషయంలో మనవాళ్ల వాటా కూడా ఉంది. ఒహాయో ఆసుపత్రుల్లో, క్లినిక్కుల్లో తెలుగు డాక్టర్లు తక్కువేం కాదు. బ్యుప్రెనార్ఫిన్ రాయడానికి ప్రత్యేక అనుమతి కావాలన్న నిబంధన 2022 డిసెంబరుతో పోయింది. నియంత్రిత మందులు రాసే మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న ఏ డాక్టరైనా రాయవచ్చు. అయినా ‘అలాంటి పేషెంట్లు’ వెయిటింగ్ రూమ్‌లో కూర్చుంటే మిగతావాళ్లు రారని చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. ఇందులో తెల్ల డాక్టరు, తెలుగు డాక్టరు అన్న తేడా లేదు. నొప్పి బిళ్లల చీటీలు ఎడాపెడా రాసిన వృత్తి, వాటికి విరుగుడు రాయడానికి బిడియపడటం సిగ్గుచేటు. ఒహాయో శాసనసభ ఆ రద్దు షరతును వచ్చే సమావేశాల్లోనే తొలగించాలి. 2027 జనవరికి ముందే వ్యసన రోగుల మినహాయింపును రోగి అడక్కుండా క్లినిక్కుల రికార్డుల నుంచే నమోదు చేసే ఏర్పాటు రాష్ట్రం చేయాలి. మందులు నిరాకరించే ఏ కేంద్రానికీ సెటిల్‌మెంట్ నిధుల నుంచి ఒక్క డాలరు వెళ్లకూడదు. డాక్టర్లు శాసనసభ కోసం ఆగనక్కర్లేదు. వాళ్లు రేపు పొద్దున్నే మొదలుపెట్టవచ్చు.